అరకుకి రైలుంది సార్, సీటే దొరకదు: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

మాది శృంగవరపుకోట సార్, మేం ఎస్.కోట అంటాం. విశాఖ నుంచి అరకు వెళ్ళే రోడ్డు గానీ రైలు గానీ మా ఊరి మీదుగానే కొండెక్కుతాయి. నవంబర్ వచ్చిందంటే చాలు, సంక్రాంతి సెలవులు అయ్యేదాకా శని ఆదివారాలు మా రోడ్డు మీద కార్లు, టెంపో ట్రావెలర్లు, బైకులు తెల్లారకముందే మొదలైపోతాయి, పైన అనంతగిరి ఘాట్‌లో ఎక్కడో ఒక బస్సు ఆగిందంటే ఇక వెనకాల ఉన్నవాళ్ళంతా ఇంజన్లు ఆన్‌లోనే పెట్టుకుని గంటలు గంటలు అడవి మధ్యలో కూర్చుంటారు. చలి కోసం, మంచు కోసం వచ్చేవాళ్ళు వాళ్ళు. ఆ పొగంతా ఆ కాఫీ తోటల్లోకే పోతుంది.

లెక్క నేనే వేసి చూశాను సార్. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, రానూపోనూ 230. ఘాట్‌లో సెకండ్ గేరు, ఏసీ, ట్రాఫిక్ జామ్ అన్నీ కలిపితే మైలేజీ లీటరుకి 12, 13 వస్తే గొప్ప, అంటే కారుకి 18 లీటర్ల దాకా పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఒక్క కారుకే 40 కిలోలు. అందులో ఇద్దరే వెళ్తే మనిషికి 20 కిలోలు, అదీ ఒక్క రోజు ట్రిప్పుకి. రిసార్టులో ప్లాస్టిక్ బాటిల్ వాడొద్దని బోర్డు పెడతారు, మంచిదే, కానీ ఆ ట్రిప్పులో ఎక్కువ భాగం కర్బనం రానూపోనూ దారిలోనే గాల్లో కలిసిపోతుంది.

పక్కనే రైలు పట్టాలున్నాయి. అదే నా బాధ. కొత్తవలస కిరండూల్ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి తేవడానికి జపాన్ సాయంతో వేశారు, 1980ల మొదట్లోనే కరెంటు కూడా వచ్చేసింది. 58 సొరంగాలు, శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తు, బొర్రా గుహలకి వాటి పేరుతోనే స్టేషను. ఇలాంటి లైను కోసం వేరే రాష్ట్రాలు ఎన్నాళ్ళు ఎదురు చూడాలి చెప్పండి. ఆ కరెంటు కూడా బొగ్గు నుంచే కదా అని నాతో వాదించిన ఫ్రెండ్స్ ఉన్నారు, నిజమే, కానీ వందల మంది ఒకే ఇంజన్ వెనకాల వెళ్తే తలకి వచ్చే కర్బనం కారులో వచ్చేదానితో పోలిస్తే చాలా తక్కువ, పైగా 2030కి నెట్ జీరో (గాల్లోకి వదిలే కర్బనం, తీసేసే కర్బనం సమానం కావడం) అని మీ శాఖే టార్గెట్ పెట్టుకుంది.

మరి జనం ఎందుకు ఎక్కట్లేదు? ఎక్కుదామనుకుంటే చోటు లేదు. పొద్దున కొండలు చూసుకుంటూ వెళ్ళడానికి అందరూ నమ్ముకునేది ఆ ఒక్క కిరండూల్ రైలే. 2017 ఏప్రిల్లో దానికి అద్దాల కోచ్ విస్టాడోమ్ వేశారు, ఎంత పేరొచ్చిందో, కానీ కోచ్‌కి నలభై చిల్లర సీట్లు, డిసెంబర్లో వెయిటింగ్ లిస్టు చూసి ఆశ వదిలేసుకోవాల్సిందే. జనరల్ బోగీలో పిల్లల్తో నిలబడే ఓపిక ఎంతమందికి ఉంటుంది. సీజన్లో స్పెషల్ రైళ్ళు వేస్తున్నారు, దానికి థాంక్స్ సార్, కాకపోతే ఆ వార్త బయటికొచ్చేసరికి జనం క్యాబులు మాట్లాడేసుకుని ఉంటారు.

హైదరాబాద్ వాళ్ళ సంగతి ఇంకో రకం. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే విశాఖలో దిగి అరకు రైలు పట్టుకోవచ్చు, విమానమూ అక్కర్లేదు కారూ అక్కర్లేదు, కానీ గోదావరి ఒక గంట లేటైతే అరకు రైలు వెళ్ళిపోతుంది. అది ఒకసారి అనుభవమైన ఫ్యామిలీ మళ్ళీ ఆ రిస్కు తీసుకోదు, నెక్స్ట్ టైమ్ ఇంటి దగ్గర్నుంచే కారు తీస్తుంది.

సింగిల్ లైను, ఖనిజం గూడ్స్ రైళ్ళు ఆపి టూరిస్టు రైలు నడిపితే ఆదాయం పోతుందని మీ ఆఫీసర్లు చెప్తారని నాకు తెలుసు. అందుకే రోజూ అడగట్లేదు. నవంబర్ నుంచి జనవరి దాకా శని ఆదివారాల్లో మాత్రం పొద్దున ఇంకొక రైలు పైకి, చీకటి పడే వేళకి ఒకటి కిందికి, అంతే. పక్కన రెండో లైను వేసే డబ్లింగ్ పనులు జరుగుతున్నాయి కదా, అవి పూర్తయ్యాక వచ్చే అదనపు కెపాసిటీ అంతా గూడ్సుకే ఇచ్చేయకుండా కొంత ప్రయాణికులకి ఇప్పుడే రాసిపెట్టండి. ఇంకోటి, 2025 ఫిబ్రవరి కేబినెట్ నిర్ణయం ప్రకారం విశాఖ కొత్త దక్షిణ కోస్తా జోనులో, అరకు స్టేషనేమో రాయగడ డివిజన్‌తో తూర్పు కోస్తా జోనులో ఉంటాయి. ఆ పంపకం మీద మా వాళ్ళకి చాలా కోపం ఉంది, నాకూ ఉంది, కానీ ఈ లేఖలో అడిగేది ఒకటే, రెండు జోన్ల మధ్య ఫైలు తిరుగుతూ ఈ రైలు ఆగిపోకూడదు.

స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ అని స్కీయింగ్‌కి పేరున్న ఊరుంది, అక్కడికి పెట్రోలు కార్లు రానివ్వరు, కింద టాష్ అనే ఊళ్ళో కారు ఆపేసి రైలెక్కాలి, అయినా టూరిస్టులు తగ్గలేదు. మన ఊటీ, కొడైకెనాల్‌కి కూడా మద్రాస్ హైకోర్టు చెప్తే 2024 మే నుంచి బండ్లకి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఈ-పాస్ వచ్చింది. అరకుకి మాత్రం ఇప్పుడే అలాంటి ఆంక్షలు వద్దంటాను. రైలు లేకుండా కార్లు ఆపితే బొంగులో చికెన్ అమ్ముకునే గిరిజన కుటుంబాల పొట్ట కొట్టినట్టవుతుంది. ముందు రైలు రావాలి, అరకు స్టేషన్ బయట చాపరాయి జలపాతానికీ కాఫీ మ్యూజియానికీ తిరిగే ఎలక్ట్రిక్ బస్సులు రావాలి (అది రాష్ట్రం పని, వాళ్ళతో మీరు ఒక్కసారి మాట్లాడండి), ఆ తర్వాతే కార్ల సంగతి.

సార్, దసరాకి జనం డిసెంబర్ ట్రిప్పులు ప్లాన్ చేసుకుంటారు. ఆలోపు సీజన్ మొత్తానికి అరకు స్పెషల్స్ టైమ్ టేబుల్ ప్రకటించి బుకింగ్ తెరవండి, ఇంకొన్ని విస్టాడోమ్ కోచ్‌లు వేయండి, గోదావరి లేటైన రోజు అరకు రైలుని కాసేపు ఆపమని విశాఖ స్టేషన్‌కి ఆర్డర్ ఇవ్వండి. ఈ మూడింటికీ కొత్త పట్టాలు వేయక్కర్లేదు.

ఇట్లు,
ఎస్.కోట నుంచి ఒక ప్రయాణికుడు