డల్లాస్ వెళ్లే మన పాత కస్టమర్లకు

విశాఖ–హైదరాబాద్ ఒక టికెట్టు, హైదరాబాద్–డల్లాస్ ఇంకో టికెట్టు అని విడివిడిగా తీసివ్వడం ఇక మానేస్తున్నానండి. అలా అయితే చవగ్గా పడుతుందని అందరూ అడుగుతారు, వేరే షాపుల్లో ఇస్తారు కూడా. నేను మాత్రం ఇవ్వను.

మొన్నామధ్య మన దగ్గరే ఎప్పట్నుంచో టికెట్లు తీసుకునే పెద్దవాళ్లిద్దరు కూతురి పురుడికని బయల్దేరారు. విశాఖ ఫ్లైట్ ఆలస్యంగా బయల్దేరేలా టైం మార్చారని నాకు టికెట్లు సప్లై చేసే పెద్ద ఏజెంటుకు ముందే మెసేజ్ వచ్చింది, నాకు పంపలేదు. వాళ్లు శంషాబాద్‌లో దిగి, బెల్టు మీద పెట్టెల కోసం నిలబడి, అవి తోసుకుంటూ పై అంతస్తుకి వెళ్లేసరికి దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్లే ఫ్లైట్ కౌంటర్ మూసేశారు. టికెట్లు వేరు కాబట్టి ఆ రెండో విమానం వాళ్లకు ఏ బాధ్యతా లేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ‘మెయిల్ చూసుకోవాలి కదా’ అన్నాడు, రాని మెయిల్ ఎక్కడ చూసుకోమంటాడు? కొత్త టికెట్లలో సగం డబ్బు నేనే పెట్టుకున్నాను. అయినా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో నా షాపు పేరే నలిగింది, అది మాత్రం నాకు ఇంకా మింగుడు పడటం లేదు. ఆ ఏజెంటుతో లెక్క తేల్చేసుకున్నాను, మళ్లీ ఆ గడప తొక్కను.

‘పదహారు గంటలన్నారు, రోజు దాటిపోయింది’ అన్న మాట కూడా పడ్డాను కాబట్టి అదీ చెబుతాను. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు తిన్నగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు, ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, కానీ ఆ దారిలో నేరుగా వెళ్లే ఫ్లైట్ లేదు. దుబాయ్ మీదుగా వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కు పదహారు, మధ్యలో ఆగేది వేరే. పదహారు గంటలంటే ఆ రెండో ముక్క ఒక్కటే. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంటో గంటన్నరో కలిసొస్తుంది. టికెట్ మీద టైంలు చూసి లెక్కేస్తే మాత్రం తప్పుతుంది, ఎందుకంటే చలికాలంలో మనకీ డల్లాస్‌కీ తేడా పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర.

ఇంకోటి, పచ్చళ్ల పెట్టెలు. అమెరికా టికెట్టుకు ఇరవై మూడేసి కిలోలవి రెండు పెట్టెలు ఇస్తారు, విడిగా కొన్న విశాఖ టికెట్టుకేమో మామూలుగా పదిహేను కిలోలే. మిగతాదానికి విశాఖలోనే డబ్బు కట్టాలి, చవక అనుకున్నది అక్కడికి సరి.

అందుకే విశాఖ నుంచి డల్లాస్ దాకా ఒకే పీఎన్‌ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద టికెట్టు దొరికితే అదే ఇస్తాను, లేదంటే ముందురోజు ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ చేరుకునేలా ప్లాన్ చేస్తాను. ఇప్పటికే విడి టికెట్లు తీసుకున్నవాళ్లు టెన్షన్ పడకండి, టైంలు ఇకమీద ఏజెంటును నమ్మకుండా విమాన సంస్థ సైట్లో రోజూ నేనే చూస్తున్నాను. మార్చుకోవాలనుకుంటే టికెట్ కాపీతో షాపుకి రండి, నా సర్వీస్ ఛార్జీ తీసుకోను.