శాసనాల రాళ్లకు రంగులొద్దు

సంపాదకులకు,

కార్తీకం దగ్గరపడేసరికి మన గోదావరి జిల్లాల గుళ్లలో రంగుల పని మొదలవుతుంది. మంచిదే. కానీ గోడకు వేసే ఎనామిల్‌నే శాసనమున్న స్తంభానికీ లాగించేస్తున్నారు. పాత సున్నమైతే తడిపి వెదురుబద్దతో గీకితే ఊడొస్తుంది. ఎనామిల్ అక్షరం గాట్లోకి దిగి బిగుసుకుంటుంది. దాన్ని వదిలించాలని ఇసుక కొట్టిస్తే రంగుతోపాటు అక్షరమూ పోతుంది. యాసిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అంతకన్నా చేటు, చదవడానికి వీలుగా ఉంటుందని గాట్లలో తెల్లరంగు దిద్దించడం. పాత లిపి రాని పెయింటరు పెచ్చూడిన గుంటను కూడా అక్షరమనుకుని దిద్దేస్తాడు. శాసనంలోని శకసంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకం లెక్కేసుకుంటాం. అక్కడ ఒక్క అంకె తప్పు దిద్దితే కాలమే మారిపోతుంది. అక్షరాలు కనబడాలంటే చీకటి పడ్డాక టార్చిని రాతికి పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, చాలు.

శాసనానికి నకలు కావాలంటే కాగితం మీద అచ్చు తీయాలి. రాతిని నీళ్లతో, మెత్తటి కుంచెతో కడగాలి. ఇనప బ్రష్ వాడకూడదు. గంజి పెట్టని దళసరి కాగితం తడిపి అంటించి, పీచుకుంచెతో మధ్యనుంచి అంచులకు కొడుతూ గాలి బుడగలు పోగొట్టాలి. కాగితం గాట్లలోకి దిగాక, తడి సగం ఆరనిచ్చి, దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాను గుడ్డ ఉండతో పైపైన అద్దాలి. అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. తడి ఎక్కువుంటే సిరా రాతికి దిగుతుంది, మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. మన ముసురు రోజుల్లో ఇది కుదరని పని, మాఘమాసం మేలు. కాగితం వెనక ఊరు, స్తంభం, ఏ దిక్కు ముఖం, తేదీ అప్పుడే రాయాలి. ద్రాక్షారామం వంటి కేంద్ర రక్షిత కట్టడాల్లో ముందుగా పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి.

ద్రాక్షారామ శాసనాలు వందలాదిగా దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటిలో అచ్చయ్యాయి కదా అనొచ్చు. కానీ ఆ అచ్చు పాఠంలో సందేహమొస్తే మళ్లీ రాతి దగ్గరికే రావాలి. చిన్న ఊళ్ల రాళ్లకైతే ఆ అచ్చు భరోసా కూడా ఉండకపోవచ్చు. పైగా మనది ఒండ్రు నేల, రాయి అరుదు. పాతరాయి కనబడితే గుమ్మం మెట్టో, రేవులో బట్టలుతికే బండో అయిపోతుంది. అలాంటివాటిని ఓసారి తిరగేసి చూడండి.

ఆలయ కమిటీలు చేయాల్సిందల్లా రంగుల పని ఒప్పుకునేముందు కాంట్రాక్టరును వెంటబెట్టుకుని గుడంతా తిరగడం. ఒప్పంద కాగితం మీద ఒక్క వాక్యం చేర్చండి: 'అక్షరాలున్న రాతికి రంగు, ఇసుక, యాసిడ్ తగలకూడదు.' పని మొదలయ్యేముందు ఆ రాళ్లకు గోనెపట్టా కట్టించండి.

– ఊరి చరిత్ర సంఘం సభ్యులు, కోనసీమ