కుట్లు తీసేస్తే పని అయిపోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

మా బావమరిది కొబ్బరి దింపు కార్మికుడు. కిందటి వానల్లో చెట్టు మీంచి జారిపడితే మోకాలి కీలు తప్పి, దాని వెనక ఉన్న ధమని తెగింది. ఇలాంటప్పుడు ఆరు గంటల్లోపే రక్తం మళ్లీ పారేలా చేయాలంటారు. రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేసరికే నాలుగు గంటలైంది. రెండో కాలి నుంచి సిర తీసి అతికారు, కాలు దక్కింది. ఆ డాక్టర్లకు దణ్ణం పెట్టాలి.

మా బాధల్లా ఆ తర్వాతిదే. డిశ్చార్జి కాగితంలో కుట్లు తీసే తేదీ తప్ప మరేమీ లేదు. అతికిన సిర లోపల మెల్లగా ఇరుకవుతుందనీ, మొదటి ఏడాది, రెండేళ్లలో అది ఎక్కువనీ, నొప్పి లేకపోయినా డాప్లర్ స్కాన్ (రక్తం సరిగా పారుతోందో లేదో చూసే స్కాన్) చేయించుకుంటూ ఉండాలనీ మాకెవరూ చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్ బిళ్లలు అయిపోగానే మానేశాడు. చుట్ట మాత్రం మానలేదు (అది మా తప్పే). నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేయడం, పాదం చల్లబడటం మొదలయ్యాక మళ్లీ ఆపరేషన్ గదికి పరుగెత్తాం.

కోనసీమలో దింపు కార్మికులు లేని ఊరు లేదు. ఏరియా ఆసుపత్రుల్లో నెలకో రోజైనా ఈ స్కాన్ పెట్టాలి. స్కాన్ తేదీలు, మందు ఎన్నాళ్లు వాడాలో తెలుగులో రాసివ్వాలి. పాదం మీద నాడి తడిమి చూడటం ఇంట్లోవాళ్లకు నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు.

– ఒక పాఠకుడు, అంబాజీపేట