రబ్బర్ బ్యాండ్లు తీసేశాం, కలగూరగంప పెట్టాం

మా షాపులో మగ్గం వర్కు సామాన్లు కొనే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ప్యాకింగులో కొన్ని మార్పులు చేస్తున్నాం. వాటిలో మొదటిది మా తప్పు దిద్దుకోవడం, కాబట్టి ముందు దాని సంగతే.

జర్దోసి (స్ప్రింగులా చుట్టిన సన్న లోహపు తీగ), జరీ చుట్టలకు ఇన్నాళ్లూ రబ్బర్ బ్యాండు వేసి ఇచ్చాం. రబ్బరు సాగి మళ్లీ బిగుసుకోవడానికి అందులో గంధకం కలుపుతారు. ఆ గంధకం వెండి పూతకో రాగి తీగకో ఆనుకుని ఉంటే అక్కడ నల్ల చార పడుతుంది. "ప్యాకెట్ విప్పనే లేదు, మధ్యలో నల్లబడింది" అని కొందరు తెచ్చి చూపించినవి ఇవే. మీరు దాచిన తీరులో లోపం లేదు, కట్టిన మాదే. ఆ చారను రుద్దకండి, రుద్దితే పైపూత కూడా లేచిపోతుంది. సగం వాడేసినా సరే, మిగిలింది పట్టుకురండి, నిండు ప్యాకెట్ ఇస్తాం. బిల్లు అడగం. ఇకమీదట జరీ సామాను నూలు దారంతో కట్టి, అచ్చు లేని తెల్ల కాగితంలో చుట్టి ఇస్తాం. ఇంట్లోనూ అలాగే ఉంచండి. పాత పేపర్లో చుడితే సిరా అంటుతుంది, నాఫ్తలీన్ ఉండల పక్కన పెడితే మెరుపు తగ్గుతుంది.

రెండోది, 10 గ్రాముల ప్యాకెట్లు. సన్న గాజు పూసలు ఇప్పటివరకూ 100 గ్రాములకు తక్కువ తూచి ఇవ్వలేదు. రంగులు పోగుచేసుకోవాలని ఉన్నవాళ్లకు అది భారమే. ఒక్క విషయం దాచకుండా చెప్పాలి: గ్రాము లెక్కన చూస్తే చిన్న ప్యాకెట్ ఖరీదు ఎక్కువే పడుతుంది, తూకానికీ కవరుకీ పట్టే పని అందులో ఉంది. ఒకే రంగు బాగా కావాలంటే పెద్ద ప్యాకెట్టే లాభం.

ఎంత కావాలో ఇలా లెక్క వేసుకోండి. పూసల్లో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 8 నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 నంబరు 2 మిల్లీమీటర్ల పైచిలుకు, 15 నంబరు ఒకటిన్నర. 11 నంబరువి గ్రాముకు దాదాపు 110 తూగుతాయి, పక్కపక్కన పేర్చితే అంగుళానికి 18 దాకా పడతాయి. జాకెట్టు మెడ చుట్టుకొలత 30 అంగుళాలనుకుంటే ఒక వరసకు 540 పూసలు, అంటే 5 గ్రాములు. రెండు చేతుల అంచులూ కలిపి 24 అంగుళాలైతే ఇంకో 430. ఒక 10 గ్రాముల ప్యాకెట్‌తో ఈ మూడూ అయిపోతాయి, వంద పూసలు మిగులుతాయి కూడా. అయితే చిల్లు మూసుకుపోయినవి, విరిగినవి కొన్ని ఉంటాయి. ఆరి సూదికి (మగ్గం పనిలో వాడే కొక్కెం సూది) ఎక్కనిదాన్ని బలవంతంగా తొయ్యకండి. పూస పగిలితే పగిలింది, సూది ముక్కు విరిగిందంటే పనంతా ఆగిపోతుంది.

పూసలెందుకు సమానంగా ఉండవని చాలామంది అడుగుతారు. కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, సన్నగా ముక్కలు కోసి, మళ్లీ వేడిలో తిప్పితే అంచులు గుండ్రబడతాయి. పూస పుట్టుక అదీ. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో ఈ పని చేత్తోనే చేసేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ సన్న పూసలదీ అదే పద్ధతి, రెండు వేల ఏళ్ల నాటిది. చేత్తో కోసిన పూసలో కొంచెం హెచ్చుతగ్గులుండడం సహజం, దాని అందం అందులోనే ఉంది. ఇక కట్ దానా అంటే కోసిన గొట్టం ముక్కే, అంచులు గుండ్రం చేయనిది. అందుకే అంత మెరుస్తుంది, అందుకే దారాన్నీ కోస్తుంది. కట్ దానాను సిల్కు దారంతో కుట్టకండి, నాలుగుసార్లు కట్టుకునేసరికి రాలిపోతుంది. గట్టి పాలిస్టర్ దారం వాడండి, ప్రతి నాలుగైదు పూసలకు ఒక ముడి వేయండి.

మూడోది లేబుల్. ప్రతి ప్యాకెట్ మీదా లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకుకు గుర్తు), రంగు రకం రాస్తున్నాం. రంగు గాజులోనే ఉన్న పూసకు భయం లేదు. లోపల వెండి పూత ఉన్నది బాగా మెరుస్తుంది గానీ చెమ్మ తగిలితే చిల్లు లోంచి నల్లబడుతుంది, చంకల దగ్గర కుట్టకండి. పైన రంగు వేసినవి, పైన లోహపు పూత ఉన్నవి చవక, చూడ్డానికి చక్కగా ఉంటాయి. రోజూ ఒంటికి రాసుకునే చోట మాత్రం వద్దు. మీ దగ్గర లేబుల్ లేని పాత పూసలుంటే ఓ నాలుగు తీసి గోళ్ల రంగు చెరిపే ద్రవంలో ఐదు నిమిషాలు ఉంచండి, తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు రంగు అంటితే అది పైరంగే. సిల్కు దారం రీళ్లకూ లాట్ చూడండి. ఒకే మెరూన్ రెండు లాట్లలో రెండు మెరూన్లు. ఒక జాకెట్టుకు కావలసినంతా ఒకేసారి తీసుకోండి.

ఇక కలగూరగంప. తూకాల్లో మిగిలిన అన్ని రంగుల, అన్ని సైజుల గాజు పూసలు కలిపి 50 గ్రాముల ప్యాకెట్ పెట్టాం. వరస కుట్టడానికి పనికిరాదు, సైజులు కలవవు. పువ్వుల మధ్యకీ, కుచ్చులకీ, పిల్లల కంకణాలకీ బాగుంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. దీని అసలు సరదా ఏరడంలో ఉంది. నున్నటి పళ్లెంలో పోస్తే దొర్లిపోతాయి, లోపల మఖమల్ గుడ్డ ముక్క పరిచి పోయండి. సూది మొనతో చిల్లులోంచి ఎత్తితే ఒక్కోటీ ఇట్టే వస్తుంది. ముందు సైజుగా, తర్వాత రంగుగా, చివర్లో మెరుపుగా విడదీయండి. ఒకే ఎరుపులో నున్ననిది, మెరిసేది, వెండి లోపలున్నది పక్కపక్కన పోస్తే మూడు రంగుల్లా కనిపిస్తాయి. అది చూస్తూ కూర్చున్న సాయంత్రం వృథా పోలేదు. ఏం కుట్టాలో తెలియకుండా కొన్న డబ్బాకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. పోగుచేయడం కూడా ఈ కళలో భాగమేనని మా నమ్మకం.

ఒక్క పని చేస్తే ఆ డబ్బా వంద రెట్లు పనికొస్తుంది. రెండు గుడ్డ పట్టీలు తీసుకుని, ఒకటి తెల్లది, ఒకటి ముదురు రంగుది, కొన్న ప్రతి రంగులో ఐదేసి పూసలు రెండింటి మీదా కుట్టి, పక్కన లాట్ నంబరు రాయండి. పారదర్శక పూస గుడ్డ రంగునీ దారం రంగునీ లోపలికి లాగేసుకుంటుంది. డబ్బాలో లేత నీలంగా ఉన్నది ఎర్ర పట్టు మీద బూడిదరంగులోకి తిరగొచ్చు. ఈ పట్టీ ఉంటే కుట్టి విప్పే బాధ తప్పుతుంది. పట్టీకి గుడ్డ ముక్కలు అడిగితే ఉచితంగా ఇస్తాం.

కుందన్ల (గుడ్డ మీద అతికించే మెరుపు రాళ్ల) గురించి చిన్న మాట. తొందరగా అంటుతుందని ఇన్‌స్టంట్ గమ్ వాడితే ఆవిరికి రాయి చుట్టూ తెల్లటి పొర కమ్ముతుంది, గుడ్డ గట్టిపడుతుంది. ఫ్యాబ్రిక్ గ్లూ చాలు, బియ్యపు గింజంత వేసి ఒక రోజు కదపకండి. అద్దం వెనక తళుకు పొర లేచిపోతోందంటే గ్లూ ఎక్కువైందని అర్థం. చెమ్కీ మీద ఇస్త్రీ తగలనివ్వకండి, ముడుచుకుపోతుంది.

కలగూరగంప ప్యాకెట్లు ప్రతి శనివారం సాయంత్రం కడతాం. ఆ వారం ఎన్ని మిగులు పూసలుంటే అన్నే ప్యాకెట్లు, అందుకోసం మంచి పూసలు కలపం. ఫలానా రంగు ఎక్కువ వేయమంటే కట్టేముందే చెప్పండి, గల్లా పక్కన పుస్తకంలో రాసి పెడతాం.