కబడ్డీ పోటీల్లో చెత్త తగ్గించిన చేతులకు కృతజ్ఞతలు

శ్రీకాకుళంలో జిల్లా స్థాయి కబడ్డీ పోటీలు వాటర్ ప్యాకెట్లు, ఫ్లెక్సీలు లేకుండా జరిగాయంటే అది మీ అందరి చలవే. నిర్వాహకుల తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. రేపు పోటీలు పెట్టేవాళ్లకు పనికొస్తుందని, ఎవరేం చేశారో కాస్త వివరంగానే రాస్తున్నాం.

ముందుగా గ్లాసులు కడిగిన డ్వాక్రా అక్కచెల్లెళ్లకు. ఎండల్లో మనిషికి రోజుకు 2 లీటర్లు వేసుకున్నా, వెయ్యి మందికి 20 లీటర్ల టిన్నులు 100 కావాలి. అదే అర లీటరు సీసాలైతే 4,000. టిన్నులు ఎలాగైనా దొరుకుతాయి, గ్లాసులు తిరగడమే కష్టం. నలుగురికి ఒక స్టీలు గ్లాసు సరిపోతుంది గానీ, విరామంలో జనం ఒక్కసారే వచ్చి పడతారు. అప్పుడు కడగడం ఆగిందా, ఎవరో ఒకరు పేపర్ కప్పుల కట్ట పట్టుకొస్తారు. వాటి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఎరువులో కలవదు. వీళ్లు మూడు టబ్బులు వరసగా పెట్టారు: మొదటిదాంట్లో తొలపడం, రెండోదాంట్లో సబ్బునీళ్లు, మూడోదాంట్లో వేడినీళ్లు. ఆరబెట్టింది వెదురు తడక మీద. కింద నుంచి గాలి తగిలి గ్లాసుకు వాసన పట్టలేదు.

అడ్డాకు విస్తర్లు కుట్టి పంపిన సీతంపేట ఏజెన్సీ అమ్మలకు దండాలు. మిషన్ మీద ఒత్తిన విస్తర్లలో కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, కొనేముందు ఓ మూల చించి చూడాలి. వీళ్లవి పుల్లలతో కుట్టినవి, తిన్నాక నేరుగా ఎరువు గుంతలో వేసేయొచ్చు. సాంబారు కారిపోతుందని దొప్పలు కూడా పంపారు.

చెత్త డబ్బాలు మూలకొకటి పెట్టొద్దని, భోజనాల నుంచి బయటికొచ్చే దారిలోనే పెట్టి పక్కన మనిషిని నిలబెట్టమని చెప్పింది పారిశుద్ధ్య కార్మికులు. మాకు అందిన సలహాల్లో ఇదే గొప్పది. ఎన్ఎస్ఎస్ పిల్లలు ఓపిగ్గా నిలబడ్డారు. రసం, మజ్జిగ వేరే డ్రమ్ములో పోయించారు. నీరెక్కువై గాలి ఆడకపోతే గుంత కుళ్లి కంపు కొడుతుంది. ఒక వంతు తడిచెత్తకు రెండు వంతులు ఎండాకులు, కొబ్బరి పీచు వేసి, వారానికోసారి తిరగేస్తే సుమారు రెండు నెలల్లో ఎరువు తయారు.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కదా, రైళ్ల వేళకు బస్సులు నడిపి జట్లను తెచ్చిన ఆర్టీసీ అన్నలకు, తాత్కాలిక కరెంటు కనెక్షన్ ఇచ్చి డీజిల్ జనరేటర్ అవసరం తప్పించిన లైన్‌మెన్లకు కృతజ్ఞతలు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పెద్ద జనరేటర్ మీద నాలుగు లైట్లే వేస్తే మరీ దండగ.

గుడ్డ బ్యానర్లు రాసిన పెయింటర్ గారు తేదీని వేరే ముక్క మీద రాసి కుట్టించారు, మళ్లీ వాడుకోవచ్చు. విజేతలకు ఇచ్చిన చెంబులు బుడితి ఇత్తడి పనివారివి.

పెద్ద పోటీలకు ఇవన్నీ కుదరవనేవాళ్లకు ఒక్క మాట. ఊసవానిపేటలో పెరిగిన మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచిన 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రధాన ప్రాంగణాన్ని, పారిశ్రామిక వ్యర్థాలతో పాడైన హోంబుష్ బే నేలను బాగుచేసి కట్టారు.

గ్లాసులు, టబ్బులు, బ్యానర్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరు పోటీలు పెట్టినా ఉచితంగా తీసుకెళ్లండి. గ్లాసులు మాత్రం లెక్కపెట్టి తిరిగివ్వండి.