పశువుల గాయాలకు ఇంటి వైద్యం: ఏది, ఎంత, దేనికి?

సంపాదకుడు గారికి, నమస్కారం.

వానలు పడ్డాయంటే గుంటూరు వీధుల్లో పుండ్లతో తిరిగే ఆవులు, కుక్కలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆటో తగిలి గీరుకుపోయిన చోట ఈగ వాలిందంటే ఒకట్రెండు రోజుల్లో పురుగు పడుతుంది. దాన్ని చూసి, పాపం అని ఏదైనా చేద్దామనుకునేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. కానీ చేతికి ఏది దొరికితే అది పోసేస్తున్నారు. ఫినాయిల్, కిరోసిన్, బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్, ఏదైనా సరే. అడిగితే "ఇంటి వైద్యమేనండీ, మా పెద్దవాళ్లు చేసేవాళ్లు" అంటారు.

మాది దుగ్గిరాల వైపు వ్యవసాయ కుటుంబం. ఇంటి వైద్యాన్ని తీసిపారేసే మనిషిని కాను. మా ప్రాంతంలో పండే పసుపు గాయానికి మందన్న సంగతి ఎంత పాతదంటే, 1995లో ఆ గుణం మీద అమెరికాలో పేటెంట్ ఇచ్చినప్పుడు మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అలాంటి తెలివి మనది. దాన్ని ఇప్పుడు ఫినాయిల్ సీసాతో ఒకే గాటన కట్టేస్తుంటే బాధగా ఉంటుంది.

పాడి పశువుల గాయాలకు జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు ఒక నాటు మందును కొలతలతో సహా చెబుతోంది. కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు తలా గుప్పెడు, వెల్లుల్లి పది రెబ్బలు, పసుపు 20 గ్రాములు. అన్నీ నూరి, కొబ్బరి నూనెలోగానీ నువ్వుల నూనెలోగానీ కాచి, చల్లార్చి, ముందు శుభ్రం చేసిన గాయానికి రాయాలి. పురుగు పట్టి ఉంటే మొదటి రోజు మాత్రం సీతాఫలం ఆకు ముద్దగానీ, కర్పూరం కలిపిన కొబ్బరి నూనెగానీ పెట్టాలి. మా అమ్మమ్మ కాలం నుంచీ మా ఇళ్లలో జరుగుతున్నదీ దాదాపు ఇదే.

మొన్న మా వీధిలో ఒక కోడెదూడకు తొడ మీద పుండు పడింది. ఎవరో అప్పటికే దాని మీద నీళ్లు కూడా కలపని ఫినాయిల్ పోశారు. పైన కనిపించే పురుగులు చచ్చాయి గానీ, పుండు చుట్టూ అరచేయంత మేర చర్మం తెల్లగా ఉడికిపోయి పొరలుగా లేచింది. పట్టకారుతో అంచు కాస్త ఎత్తితే లోపల పురుగులు కదులుతూనే ఉన్నాయి. ఎదురింటి పెద్దావిడ ఉప్పునీళ్లతో కడిగించి, సీతాఫలం ఆకు మెత్తగా నూరి పుండు నిండా కూరి, గుడ్డతో కట్టు కట్టింది. మర్నాడు పశువుల డాక్టరు గారు వచ్చి మిగిలిన పురుగులు ఏరి, ఇంజక్షన్ వేశారు. పుండు కంటే ఫినాయిల్‌కు కాలిన చర్మం మానడానికే ఎక్కువ రోజులు పట్టేట్టుందని ఆయన అన్నారు.

ఇక ఆవుకు పనికొచ్చే మందు కుక్కకూ పనికొస్తుందనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఆవుకు తొడ మీద రాస్తే అది చాలావరకు అక్కడే ఉంటుంది. కుక్కయితే కట్టు విప్పుకుని మరీ నాకుతుంది. పైన చెప్పిన మందులో వెల్లుల్లి ఉంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల, పిల్లుల రక్తంలో ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. పిల్లుల సంగతి మరీ సున్నితం. ఫినాయిల్ లాంటివి పడ్డ ఒళ్లు నాక్కున్నా దానికి విషమే. పిల్లి ఒళ్లు వేడిగా ఉందని, మనం వేసుకునే పారాసెటమాల్ మాత్రను పాలలో కలిపి దానికి పోస్తున్నారు. పిల్లి ప్రాణం తీయడానికి ఆ ఒక్క మాత్ర చాలు. దయచేసి ఈ ఒక్క మాట అయినా పాఠకులకు పెద్ద అక్షరాల్లో చెప్పండి.

కుక్కకైనా పిల్లికైనా ఇంట్లో ధైర్యంగా చేయగలిగింది కొంత ఉంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు పది నిమిషాలు అదిమి పట్టాలి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చిన్న చెంచాడు ఉప్పు వేసి ఆ నీళ్లతో గాయం కడగాలి. పైపైన గీరుకున్నదైతే దీనితోనే చాలావరకు మానుతుంది. లోతుగా తెగిన గాయంలో మాత్రం పసుపు పొడి కూరకండి. అది మట్టితో కలిసి గట్టిగా పెచ్చు కడుతుంది, కింద చీము పడుతున్నా పైకి తెలియదు. స్పృహ సరిగా లేని జీవి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎముక విరిగినా, పొట్ట దగ్గర గాయమైనా, పురుగు పట్టినా చిట్కాలు మాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే.

దెబ్బ తగిలిన కుక్క నొప్పికి తెలిసిన మనిషినైనా కరుస్తుంది. పట్టుకునే ముందు మూతికి మెత్తటి గుడ్డ కట్టాలి. కరిచిందంటే మాత్రం, మన జిల్లాలో ఇంకా అలవాటుగా ఉన్న కారం అద్దడం, సున్నం పెట్టడం వద్దు. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

పశుసంవర్ధక శాఖకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ఆ నాటు మందుల కొలతలను తెలుగులో, ఆకుల బొమ్మలతో ప్రతి పశువైద్యశాల గోడ మీదా, ప్రతి రైతు సేవా కేంద్రంలోనూ పెట్టండి. ఇది పాడి పశువులకు మాత్రమే అని అందులో స్పష్టంగా రాయండి. కుక్కలకు, పిల్లులకు వేరే పట్టిక వేయండి, ఏవి వాడకూడదో అందులో ముందు రాయండి. పశువుల అంబులెన్సుల 1962 నంబరు 2022 నుంచి ఉన్నా, అది పట్నంలో ఏ వేళల్లో వస్తుందో, వీధి కుక్కకు దెబ్బ తగిలిందని చెప్పినా వస్తుందో రాదో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ వివరం కూడా ఆ గోడ మీదే ఉండాలి. గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థులను వానాకాలం ముందు ఒక్క ఆదివారం గుంటూరు, విజయవాడ కాలనీలకు పంపి, గాయం ఎలా కడగాలో, కట్టు ఎలా కట్టాలో చేసి చూపించమంటే జనం తప్పకుండా వస్తారు. మా కాలనీ వరకు అందరినీ పోగుచేసే పూచీ నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.