హంతకుడు దొరకని ముగింపు

సంపాదకులకు,

నేర పరిశోధన చిత్రం చివర హంతకుడెవరో తేల్చకపోతే ప్రేక్షకుణ్ణి మోసగించినట్టేనని ఇటీవల మీ పాఠకులొకరు రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను.

కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2003లో తీసిన ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ ఈ మధ్యే ఇంట్లో అందరం కలిసి చూశాం. 1986 నుంచి 1991 వరకు హ్వాసంగ్ ప్రాంతంలో పదిమంది ఆడవాళ్లు హత్యకు గురైన ఉదంతం దీనికి ఆధారం. మొదట్లోనే అక్టోబరు నాటి పండిన వరిచేలు, పక్కన సిమెంటు పలకలు కప్పిన కాలువ, అందులోకి వంగి చూస్తున్న డిటెక్టివ్ కనిపిస్తారు. సాగర్ ఎడమ కాలువ కింద పుట్టిపెరిగిన మా అమ్మ, ‘అచ్చం మన తూము లెక్కనే ఉన్నది’ అన్నది.

మనిషి కళ్లు చూసి నేరస్థుణ్ణి పట్టేస్తానని ఆ డిటెక్టివ్ ధీమా. కొట్టి ఒప్పించిన వాళ్లెవరి మీదా నేరం నిలవదు; దొరికిన అడుగుజాడను ట్రాక్టరు తొక్కేస్తుంది; అమెరికా నుంచి వచ్చిన డీఎన్ఏ ఫలితం కూడా అనుమానితుడితో సరిపోదు. (మొదటి సగంలో పోలీసుల తన్నులను నవ్వుల కోసం సాగదీశారని నాకనిపించింది.) ఏళ్ల తరువాత, ఉద్యోగం వదిలేసిన ఆ డిటెక్టివ్ అదే కాలువ దగ్గర కారు ఆపి మళ్లీ వంగి చూస్తాడు. కొద్ది రోజుల క్రితం ఇంకొకాయన కూడా వచ్చి ఇలాగే చూశాడని, ఎప్పుడో తాను ఇక్కడ చేసిన పని గుర్తొచ్చిందన్నాడని ఒక చిన్నపిల్ల చెబుతుంది. ఎలా ఉన్నాడంటే, మామూలుగానే ఉన్నాడంటుంది. ఆ మాజీ డిటెక్టివ్ తల తిప్పి సూటిగా మనవైపు చూస్తాడు, అంతే. ‘నెట్ ఆగిందా ఏంది?’ అని మా నాన్న రిమోట్ అందుకున్నాడు.

అసలు హంతకుణ్ణి 2019లో డీఎన్ఏ ఆధారంగా గుర్తించారు. అప్పటికే అతడు మరో హత్య కేసులో జైల్లో ఉన్నాడు; ఈ హత్యలకు మాత్రం కేసు నడపడానికి అక్కడి చట్టం ఇచ్చిన గడువు ఎప్పుడో తీరిపోయింది. వాటిలో ఒక హత్య తానే చేసినట్టు పోలీసుల హింసకు తాళలేక ఒప్పుకుని, సుమారు 20 ఏళ్లు జైల్లో గడిపిన ఒక వ్యక్తిని 2020లో కోర్టు నిర్దోషిగా ప్రకటించింది. అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలియని 2003లో, మన తృప్తి కోసం తెరమీద ఎవరో ఒకరికి సంకెళ్లు వేసి ఉంటే, ఆ పోలీసులు చేసిన పనే దర్శకుడూ చేసినట్టయ్యేది.

– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ